మూడిళ్ళకీ ఒకటే నంబరు

రెండువేల ఏడు వేసవిలో మా నాన్న చెయ్యని తప్పు ఒకటి ఒప్పుకున్నారు. చేసింది నేను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చివర్లో చెబితే మీకు నా మీద జాలి కలుగుతుందేమోనని భయం. జాలిపడదగ్గ పని నేనేం చెయ్యలేదు.

ఢిల్లీ మయూర్ విహార్‌లో మాది మూడో అంతస్తు. నాన్న శేషగిరి గారు కేంద్ర ప్రభుత్వంలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యారు. కింద రెండో అంతస్తులో కేశవరావు గారు, నాన్నతో పాటే రిటైరైన స్నేహితుడు. మా నెత్తిన డాబా మీదున్న గది కూడా ఆయనదే. అందులో సుహాస్ అని కరీంనగర్ కుర్రాడు అద్దెకుండి సివిల్స్‌కి చదువుకునేవాడు. మా కాలనీకి ఇంటర్నెట్ ఇచ్చే దశరథ్, నాన్న పేరు మీద ఒక కనెక్షన్ పెట్టి, "అంకుల్‌జీ, తీన్ ఘర్ కే లియే ఏక్ హీ కాఫీ హై", మూడిళ్ళకీ ఒక్కటి చాలు అని, కిటికీలోంచి కిందికో వైరు, పైకో వైరు లాగి వెళ్ళిపోయాడు. అలా మూడిళ్ళలో ఎవరు ఏం రాసినా అవతలివాళ్ళకి కనిపించేది ఒకటే నంబరు, ఆ కనెక్షన్‌కి ఇంటర్నెట్‌లో ఉండే చిరునామా. ఈ సంగతి తెలిసినవాణ్ణి మా మూడిళ్ళలో నేనొక్కణ్ణే. సాకేత్‌లో ఒక కంపెనీలో నెట్‌వర్కులు చూడ్డమే నా ఉద్యోగం.

అప్పట్లో 'తెలుగు గాదె' అని ఒక సైటుండేది. ఎవరైనా తమకి తెలిసింది అందులో రాయొచ్చు, పక్కవాళ్ళు దిద్దొచ్చు. నాన్నకి అది రెండో ఉద్యోగమైంది. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ కంప్యూటరు ముందు కూర్చునేవారు. రెండు వేళ్ళతో ఒక్కో అక్షరం కొట్టుకుంటూ, ట్రంకు పెట్టెతో ఢిల్లీ స్టేషన్‌లో దిగిన తెలుగు గుమాస్తాల గురించి ముప్ఫై ఒక్క పేజీలు రాశారు. వాటిలో ఆయన ప్రాణం పెట్టిన పేజీ నాగేంద్రమ్మ గారి మెస్సు. గోల్ మార్కెట్ వెనక సందులో, భర్త పోయిన ఆవిడ, నలభై మంది తెలుగు బ్రహ్మచారులకి రెండు పూటలా అన్నం పెట్టేవారట. ఎవరికైనా జ్వరమొస్తే గదికి చారన్నం పంపేవారట. ఆవిడా పోయింది, మెస్సూ పోయింది, తిన్నవాళ్ళలో సగం మంది పోయారు. "నేను కూడా పోతే అసలావిడ పుట్టలేదనే అనుకుంటారు" అనేవారు నాన్న.

ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నాన్న తెర ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. మెస్సు పేజీలో ముప్పాతిక భాగం లేదు. ఆ సైటుకి పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు, 'కాపలాదారు' అని పేరు పెట్టుకుని. అసలు పేరేమిటో, ఏ ఊళ్ళో ఉంటాడో ఎవరికీ తెలియదు. "ఆధారాలు లేవు, తొలగించాను" అని రాసిపెట్టాడు.

"ఏం ఆధారం కావాలట?" అన్నాను.

"పుస్తకమో పేపరో చూపించాలట. ఆవిడ గురించి ఎవరూ రాయలేదనే కదా నేను రాసింది."

"ఆరేళ్ళు అక్కడ తిన్నానని చెప్పలేకపోయారా?"

"చెప్పాను. తినడం ఆధారం కాదన్నాడు." నాన్న నవ్వారు. "అతను చెప్పింది రూలేరా. రూలున్నచోట మనం అలగకూడదు. ఏ పాత పత్రికలోనో చిన్న ముక్కయినా దొరక్కపోదు, వెతుకుదాం."

"రిటైరైనా ఆడిట్ అభ్యంతరాలు తప్పలేదు మీకు" అంది అమ్మ వంటింట్లోంచి.

నాన్నకి కోపం రాలేదు. ఆయనకి రావలసిన కోపం కూడా నాకే వచ్చింది. చిన్నప్పట్నుంచీ అంతే. ఆయన ప్రతి రూలుకీ తల వంచడం చూసి చూసి నాకు మెడ నొప్పి పుట్టేది.

మే రెండో ఆదివారం మధ్యాహ్నం. బయట వడగాలి. కూలరు రొద పెడుతోంది. నాన్న లోపల కునుకు తీస్తున్నారు. ఆయన కుర్చీలో కూర్చుని మెస్సు పేజీ తెరిచాను. వారం రోజులు కష్టపడి ఆయన కొత్తగా రాసిన పేరా కూడా ఎగిరిపోయింది. "ఇది మీ జ్ఞాపకాల డైరీ కాదు" అని ఉంది.

నేను ఏ పేరూ పెట్టకుండా నేరుగా కాపలాదారు పేజీకి వెళ్ళి రాశాను. ఏం రాశానో ఇక్కడ చెప్పను. అతని తల్లినీ, అతను తిన్న కూటినీ కూడా వదల్లేదంటే చాలు. అతను చెరిపేశాడు. మళ్ళీ రాశాను. అలా నాలుగుసార్లు. మొదటిసారి నాన్న కోసం రాశాను. నాలుగోసారికి నాన్న గుర్తు కూడా లేరు, తిట్టడం బాగుంది, అంతే.

నా భార్య ఉష టీ తెచ్చి పక్కన పెట్టి, "ఆదివారం పూట ఎవరి మీదండీ అంత టకటక?" అంది.

"ఆఫీసు మెయిలు" అన్నాను.

పేరు లేకుండా రాస్తే పేరుండాల్సినచోట నంబరు పడుతుంది. అది నాకు తెలియక కాదు. నంబరేగా, నాన్న పేరు కాదుగా అనుకున్నాను. నా చదువు ఆ మాత్రానికే పనికొచ్చింది.

సోమవారం నుంచి మూడిళ్ళలో ఎవరూ తెలుగు గాదెలో ఒక్క అక్షరం రాయలేకపోయారు. చదువుకోవచ్చు, రాయకూడదు. సొంత పేర్లతో వెళ్ళినా అదే అడ్డం. "ఈ చిరునామా నుంచి నీచమైన దూషణ జరిగింది. మూడు నెలలు నిషేధం" అని, కింద మా నంబరు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టడమంటే ఇదే. కాకపోతే ఆ ఎలుకని నేను.

సాయంత్రానికి కేశవరావు గారు రొప్పుతూ మెట్లెక్కి వచ్చారు. ఆయన ఆ సైటులో రోజుకో ఆటవెలది చొప్పున శతకం రాస్తున్నారు.

"ఏందండీ శేషగిరి గారూ ఇది? అరవై ఏడో పద్యం కాడ ఆగిపోయింది నా శతకం! ఎవడో పోకిరీ వెధవ మన నంబరు మీద బూతులు తిట్టాడంట."

"మనిళ్ళలో అలాంటి భాష ఎవరికొచ్చునండీ?" అన్నారు నాన్న.

కేశవరావు గారు తలెత్తి పైకప్పు వైపు చూశారు. ఆ చూపు డాబా మీది గదిలోకి వెళ్ళింది. సుహాస్‌ని కేకేశారు. వాడు తడి బనీనుతో, చేతిలో పుస్తకంతో దిగొచ్చాడు.

"అంకుల్, నేను రాయలే" అన్నాడు, ఎవరూ ఇంకా ఏమీ అడక్కుండానే. "మెయిన్స్‌కి తెలుగు సాహిత్యం తీసుకున్న. మేం అయిదుగురం నోట్సులన్నీ ఆ సైటులనే పెట్టుకుంటున్నం. నా కూడు నేనే ఎందుకు పారబోసుకుంట?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవలసింది నేను. నేను సోఫాలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. ఏ పాపమూ ఎరగని కుర్రాడు తడుముకున్నాడు.

"మీ వైపోళ్ళకి మాట కాస్త దురుసేలే" అన్నారు కేశవరావు గారు.

సుహాస్ మొహం కందిపోయింది. నాన్న లేచి నిలబడ్డారు. "కేశవరావు గారూ, ఆ మాట తప్పు. వెనక్కి తీసుకోండి."

ఆయన తీసుకోలేదు. మర్నాడు పొద్దున్న డాబా మీదికి వెళ్ళే వైరుని తన గడ్డం బ్లేడుతో కోసిపారేశారు.

ఆ పొద్దున్నే, నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే నాన్న నాలుగు మడతల కాగితం చేతికిచ్చారు. మార్జిన్ వదిలి, నంబర్లు వేసి, పైన 'విషయం' అని గీత గీసి మరీ రాశారు.

"మెమో వచ్చాక జవాబివ్వకపోతే నేరం ఒప్పుకున్నట్టే లెక్కరా సుధీ. కనెక్షన్ నా పేరు మీదుంది, జవాబు నేనే చెప్పాలి. ఇక్కణ్ణుంచి రాయనివ్వటం లేదుగా, నువ్వు ఆఫీసులో టైపు చేసి పంపు."

నిలబడే చదివాను. 'పై విషయమై మనవి చేయునది ఏమనగా, సదరు నంబరు నా పేరున, నా అధీనములో ఉన్నది. దాని నుండి వెలువడిన ప్రతి అక్షరమునకు పూర్తి బాధ్యుడను నేనే. జరిగినదానికి మిక్కిలి విచారించుచూ క్షమాపణ కోరుచున్నాను. తక్కిన ఇండ్లవారు నిరపరాధులు గావున వారిని శిక్ష నుండి తప్పింప ప్రార్థన.'

"ఇది చదివితే తిట్టింది మీరే అనుకుంటారు నాన్నా."

"ఎందుకనుకుంటారు? తొంభై ఒకటిలో మా సెక్షన్‌లో డిస్పాచ్ గుమాస్తా ఒకడు ఫైలు పోగొట్టాడు. సెక్షన్ నాది, బాధ్యత నాది అని ఇలాగే రాసిచ్చాను. జాయింట్ సెక్రటరీ ఒక్కసారి చదివి, ఈ మనిషి పోగొట్టేవాడు కాదని తెలుసుకుని ఫైలు మూసేశాడు. కుర్రాడి ఉద్యోగం నిలబడింది. పైనుండేవాడికి ఈ భాష తెలుస్తుందిరా." గొంతు తగ్గించి, "ఆ సుహాస్ పరీక్ష పాడు కాకూడదు" అన్నారు.

ఈ కాపలాదారు జాయింట్ సెక్రటరీ కాదు నాన్నా, అనాలి. లేదా, నేనే నాన్నా, అనాలి. రెండోది ఇంకా చిన్న మాట. కాగితం జేబులో పెట్టుకుని చార్టర్డ్ బస్సెక్కాను.

లంచ్ టైములో, అందరూ కిందికి వెళ్ళాక, టైపు చేశాను. 'బాధ్యుడను నేనే' అన్నచోట ఆగాను. 'అయితే రాసినది నేను కాదు' అని నాలుగు మాటలు చేరిస్తే సరిపోయేది. నాన్న డ్రాఫ్టులో వేలు పెట్టే అర్హత నాకెక్కడిదని వినయంగా అనుకున్నాను. ఇది చదివాక అసలువాడి కోసం ఎవరూ వెతకరని కూడా అనుకున్నాను, అది మాత్రం అంత వినయంగా కాదు. పంపేసి కిందికెళ్ళి రాజ్మా చావల్ తిన్నాను.

రెండు రోజుల్లో తీర్పు వచ్చింది. 'సభ్యుడు శేషగిరి తన నేరాన్ని రాతపూర్వకంగా అంగీకరించినందున ఆయన పేరుని శాశ్వతంగా నిషేధిస్తున్నాం.' నంబరు మీది మూడు నెలలూ అలాగే ఉంచారు. నాన్న వివరణని అందరూ చదివేలా పెట్టారు. ఆయన రాసిన ముప్ఫై ఒక్క పేజీల నెత్తినా ఒక పసుపుపచ్చ పట్టీ కట్టారు: 'ఇది దూషణకు పాల్పడి నిషేధానికి గురైన వ్యక్తి రాసినది. నమ్మదగినది కాకపోవచ్చు.'

నాన్న ఒక్కో పేజీ తెరిచి, ముప్ఫై ఒక్క పట్టీలూ చదివారు. అన్నిటి మీదా ఒకటే మాట ఉందని మూడో పేజీకే తెలిసిపోయినా చివరిదాకా చదివారు. చదివి, కంప్యూటరు కట్టేసి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించారు.

"పైవాడికి అర్థం కాలేదు" అన్నారు. అంతే.

వారం తిరక్కుండా కరోల్‌బాగ్ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మెస్సులో నాన్న పక్కన కూర్చుని తిన్న చెన్నకేశవులు గారు, "ఈ వయసులో ఆ మాటలేమిటోయ్ శేషగిరీ?" అని అడిగారట. నేను కాదు అని చెప్పడానికి నాన్నకి నోరు రాలేదు. రాసిచ్చాక మాట మార్చకూడదు కదా. "బాధ్యత నాదేనోయ్" అని మళ్ళీ అదే అన్నారు. తర్వాత ఫోను మోగితే అమ్మని ఎత్తమనేవారు. నెలనెలా వెళ్ళే తెలుగువాళ్ళ సమావేశానికి వెళ్ళడం మానేశారు. పొద్దున్నే స్నానం మాత్రం మానలేదు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బాల్కనీలో కూర్చునేవారు.

ఒకరోజు బట్టలు మడతపెడుతూ ఉష అడిగింది. "మీరే కదూ?"

నేను నా చొక్కా ఒకటి తీసుకుని మడతపెట్టసాగాను.

"ఆ ఆదివారం టీ తెచ్చినప్పుడే చూశాను. ఎవరో గానీ బాగా తిట్టించుకుంటున్నారనుకున్నా. ఇదని ఇప్పుడు తెలిసింది. మామయ్యగారికి చెప్పండి. నేను చెబితే చాడీ అవుతుంది, మీరు చెబితేనే నిజమవుతుంది."

"చెప్తాను."

జూన్ అంతా 'చెప్తాను' అంటూనే ఉన్నాను. తేలు కుట్టిన దొంగ కనీసం నొప్పితో బాధపడతాడు. నాకు ఆకలి తగ్గలేదు, నిద్ర తగ్గలేదు. ఆఫీసులో ఇంక్రిమెంటు కూడా వచ్చింది. నాన్న బాల్కనీలో ఉంటే నేను హాల్లోంచి కాకుండా వంటింటి పక్కనుంచి తిరిగి వెళ్ళేవాణ్ణి, మార్పు అంతవరకే.

జూన్ చివర్లో కేశవరావు గారు సుహాస్‌ని గది ఖాళీ చెయ్యమన్నారు. నాన్న ఒప్పుకున్నాక కూడా ఆయన అనుమానం సుహాస్ మీదే ఉంది. "శేషగిరి గారు ఆ కుర్రోణ్ణి కాపాడ్డానికి నెత్తినేసుకున్నాడు, నాకు తెలవదా?" అని కాలనీ అంతా చెప్పారు. సుహాస్ లక్ష్మీ నగర్‌లో నలుగురుండే పీజీ గదికి మారాడు. నేను కిందిదాకా వచ్చి వాడి పుస్తకాల మూటలు రిక్షాలో పెట్టాను. మంచివాణ్ణి కదా.

"అన్నా, ఒక్క ముచ్చట" అన్నాడు రిక్షా ఎక్కబోతూ. "ఆ ఐతారం నేను పొద్దంత లైబ్రరీల ఉన్న. కేశవరావు సార్ బిడ్డింటికి గుర్గావ్ పోయిండు. ఇగ ఇంట్ల ఎవరున్నరో నువ్వే లెక్క చూస్కో."

నా చేతిలో వాడి దుప్పటి మూట ఉంది. "మరి నాన్నకెందుకు చెప్పలేదు?"

"చెప్దామనే వచ్చిన ఓ పారి. కుర్సీ ఏసి కూసోబెట్టి, నీ చదువు ఎట్ల నడుస్తుందని అడిగిండు. ఈ మూడిండ్లల్ల నన్ను అనుమానపడంది ఆయనొక్కడే. ఆయనకు ఆ మాట నా నోటితోని ఎట్ల చెప్పాలె?" మూట నా చేతిలోంచి తీసుకుని, "నువ్వన్న చెప్పు" అని వెళ్ళిపోయాడు.

ఆగస్టు మధ్యలో గడువు తీరి నంబరు మీద నిషేధం పోయింది. కేశవరావు గారు అరవై ఎనిమిదో పద్యం రాసుకున్నారు. నాన్న పేరు మీది నిషేధానికి గడువు లేదు. "కొత్త పేరు పెట్టుకుని రాయండి నాన్నా, అందరూ అలాగే చేస్తారు" అన్నాను. "డిస్మిస్ అయినవాడు పేరు మార్చుకుని మళ్ళీ ఉద్యోగంలో చేరతాడట్రా?" అన్నారు, నా వైపు చూడకుండా.

అదే వారం రాశాను. ఆఫీసు నుంచి రాస్తే ఎవరో దారినపోయేవాడు అనుకుంటారని, తిట్లు వెళ్ళిన నంబరు నుంచే నిజం కూడా వెళ్ళాలని, ఇంట్లో నాన్న కుర్చీలోనే కూర్చుని రాశాను. 'నా పేరు సుధీంద్ర. శేషగిరి గారి కొడుకుని. మే నెలలో మిమ్మల్ని తిట్టింది నేను. మా నాన్నకి ఏమీ తెలియదు. ఆయన బాధ్యత అన్నది కనెక్షన్ గురించి. దయచేసి ఆ పట్టీలు తీసెయ్యండి.' నాన్న మొహం మీద చెప్పలేనిది ఊరూ పేరూ తెలియనివాడికి చెప్పడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది.

మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే, "సుధీ, ఇలా రా" అని పిలిచారు నాన్న. చాన్నాళ్ళకి కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నారు. నేను రాసింది తెర మీదుంది. దాని కింద జవాబు ఉంది.

'ఈ చిరునామా నుంచి ఒకరు ఇదివరకే నేరం ఒప్పుకున్నారు. ఇప్పుడు అదే మనిషి కొడుకు పేరుతో వచ్చి తప్పించుకోవాలని చూస్తున్నారు. ఒక్క నేరాన్ని ఎంతమంది ఒప్పుకుంటారు? నంబరుపై ఏడాది నిషేధం.'

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కళ్ళు తడిగా ఉన్నాయి. "ఎంత పని చేశావురా" అన్నారు.

"నాన్నా..."

"సర్వీసులో అయితే తప్పుడు వాంగ్మూలం ఇచ్చినందుకు నీ మీద ఇంకో చార్జిషీటు పడేది. నా పరువు కోసం ఆ బురదంతా నువ్వు పూసుకుంటావా?"

"తప్పుడుది కాదు నాన్నా. నిజంగా నేనే రాశాను."

ఆయన నవ్వారు. ఏప్రిల్ తర్వాత ఆయన నవ్వడం అదే. లేచి నా తల మీద చెయ్యి పెట్టారు. "ఇంకా వదలడు చూడు! అవి నీ నోట్లోంచి వచ్చే మాటలట్రా? నిన్ను పెంచింది ఎవరనుకున్నావు?" వంటింటి వైపు తిరిగి, "అన్నపూర్ణేశ్వరీ, ఇలా వచ్చి చూడు, నీ కొడుకు నా కోసం ఏం చేశాడో!" అని కేకేశారు. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, అంతా విని, నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుని ఏడ్చింది. ఉష వంటింట్లోంచి రాలేదు.

ఆ చెయ్యి నా తల మీద ఉన్నంతసేపూ నాకు హాయిగా ఉంది. సిగ్గుతో చచ్చిపోయానని రాస్తే బాగుంటుంది గానీ, అది అబద్ధం. గుండెల మీంచి బండ దిగినట్టయింది, అంతే. ముప్ఫై నాలుగేళ్ళొచ్చాక ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. తర్వాత ఆయన బతికిన తొమ్మిదేళ్ళూ, ఇంటికెవరొచ్చినా, నేను పక్కన ఉండగానే, ఈ కథ చెప్పేవారు. వాళ్ళు నా వైపు మెచ్చుకోలుగా చూసేవారు. నేను తల దించుకునేవాణ్ణి, అది వినయమనుకునేవారు.

మొదటిసారి చెప్పినప్పుడు ఆయన నమ్మలేదు. రెండోసారి గట్టిగా చెబితే నమ్మేవారు. అందుకే చెప్పలేదు.